సోల, సోలెడు: మా అమ్మమ్మ కొలత గిన్నె, ‘-ఎడు’ గురించి ఒక ప్రశ్న

గ్రూపులో అందరికీ నమస్కారం.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ అటక మీది సామాను దింపించింది. ఇత్తడి బిందెలు, ఒక కుంపటి, పాత కుంచం, వాటి మధ్య పంచె ముక్కలో చుట్టి పెట్టిన మా అమ్మమ్మ సోల. మిగతావి ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకున్నారు. సోల నేనడిగాను. ఎవరూ కాదనలేదు, ఇప్పుడు దాంతో ఎవరికి పని?

హైదరాబాద్ తెచ్చుకుని చింతపండూ ఉప్పూ వేసి తోముతుంటే మా అమ్మాయి వచ్చి, “అమ్మా, దీని పేరు సోలా, సోలెడా?” అంది. “ఇది సోల. నిండా పోస్తే సోలెడు” అన్నాను. “మరి రెండుసార్లు పోస్తే రెండు సోలెడులా?” కాదు, రెండు సోలలు. ఆ మాట చెప్పానే గానీ ఎందుకలా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రాత్రి పడుకున్నాక కూడా అదే ఆలోచన.

నాకు తోచింది చెబుతాను, తప్పయితే దిద్దండి. ‘-ఎడు’ అంటే ‘నిండా’ అని మాత్రమే కాదు, ‘నిండా ఒకటి’ అని. ఆ ఒకటి మాటలోపలే ఉంది. అందుకే అంకె రాగానే ‘-ఎడు’ తప్పుకుంటుంది. గరిటెడు పప్పు, రెండు గరిటెల పప్పు. మూరెడు పూలు, రెండు మూరల పూలు. దోసెడు నీళ్ళు, రెండు దోసిళ్ళ నీళ్ళు. ‘ఓ గుప్పెడు’ అంటాం కదా అంటారేమో. అక్కడ ‘ఓ’ లెక్క కాదు, ఉజ్జాయింపు.

చిన్నప్పుడు బళ్ళో అప్పజెప్పిన వేమన పద్యం ఈ కళ్ళతో మళ్ళీ చదివాను.

గంగిగోవు పాలు గరిటెడైనను చాలు
కడివెడైననేమి ఖరము పాలు
భక్తి కలుగు కూడు పట్టెడైనను చాలు
విశ్వదాభిరామ వినుర వేమ

మూడు పాదాల్లో మూడు ‘-ఎడు’లు. గరిటె వంటింటిది, కడవ పాలవాళ్ళది, పట్టు చేతిది. తూకం లేదు, అంకె లేదు, అయినా ఎంతో మనకు కళ్ళకు కడుతుంది. ఇన్నేళ్ళూ దీన్ని నీతిపద్యంగానే చదివాను, కొలతల పద్యంగా ఎప్పుడూ చూడలేదు.

మా ఇంట్లో నేర్పిన లెక్క ఇది: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట అమ్మమ్మ ఈ వరస అప్పజెప్పించుకునేది. తప్పితే మళ్ళీ గిద్ద దగ్గర్నుంచే మొదలు. 1956లో మెట్రిక్ చట్టం వచ్చింది, 1962 ఏప్రిల్ నుంచి అంగట్లో కిలోలు తప్పనిసరి అయ్యాయి. మా అమ్మమ్మ వంటింట్లో మాత్రం 80ల్లో కూడా ఎసట్లో పడేవి సోలలే.

నాకు బాగా గుర్తున్నది బదుళ్ళు. చుట్టాలు చెప్పకుండా వస్తే పక్కింటికి నన్ను పంపేది. వాళ్ళు సోల నిండా పోసి, పైన అరచేత్తో చదును చేసి ఇచ్చేవాళ్ళు. తిరిగిచ్చే రోజు అమ్మమ్మ అదే సోలతో కొలిచేది, కానీ చదును చేసేది కాదు. పైన గోపురంలా నిలబడి, ఇంకొక్క గింజ వేస్తే జారిపోయేంతవరకు పోసేది. “సోలెడే కదా తెచ్చాం” అన్నానొకసారి. “తెచ్చింది సోలెడు, ఇచ్చేదీ సోలెడే, పోవే” అంది. దారిలో గింజలు రాలకుండా రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి నడిచేదాన్ని.

సోల అడుగున చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలున్నాయి. ‘చి. సౌ.’ తెలుస్తోంది. తర్వాత పేరు పూర్తిగా అరిగిపోయింది. చివర ‘కి’ ఒక్కటే మిగిలింది.

ప్రశ్న ఇది: ‘-ఎడు’ ఏ ఏ మాటలకు చేరుతుంది? మీ ఇళ్ళలో ఇలాంటివి ఏమున్నాయి?

*

జవాబు, వరంగల్ నుంచి

అక్కా, చదువుతుంటే మా తాత కల్లం యాదికొచ్చింది. మా దిక్కు సోలెడు, తవ్వెడు, మానెడు, గంపెడు, చాటెడు, కుండెడు అన్నీ ఉన్నయి. మానికకు ‘-ఎడు’ చేరితే ‘మానికెడు’ అనరు, ‘మానెడు’ అంటరు. పిడికిలి పిడికెడు అయినట్టే, గుప్పిలి గుప్పెడు అయినట్టే, తోక ఊడిపోయి ‘-ఎడు’ వచ్చి చేరుతది.

కొలిచేటప్పుడు మా తాత ‘ఒకటి’ అనేటోడు కాదు. “లాభం” అని మొదలుపెట్టి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, తర్వాత “ఆరున్నొకటి” అనేటోడు. ఏడు అంటే ఏడుపు గదా, వడ్ల కుప్ప ముందర ఆ మాట రావొద్దు. చిన్నప్పుడు నేను పక్కన కూసొని ఊరికే “ఏడు” అన్న. కొట్టలేదు గానీ, పోసిన మానిక మళ్ళ కుప్పల పోసి, లాభం నుంచి మొదలుపెట్టిండు. ఎండల అందరూ నన్నే చూసుడు. ఆ మానిక ఇప్పుడు మా అన్న దగ్గర పెన్నులు పెట్టుకునే డబ్బా అయింది. అడిగితే ఇస్తడో ఇయ్యడో!

*

జవాబు, డాలస్ నుంచి

మా ఇంట్లో సోలలు లేవండీ. రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు ఒకటుంది, 180 మిల్లీలీటర్లది. కానీ మా పిల్లలు “అమ్మా, కప్పుడు చాలా?” అంటారు. ‘కప్పుడు’ నేను నేర్పలేదు. గ్లాసుడు నీళ్ళు, చెంచాడు పంచదార విని విని వాళ్ళే కప్పుకి తగిలించేశారు. ఇది కూడా మీ ‘-ఎడు’ కుటుంబమే కదా?

*

జవాబు, కాకినాడ నుంచి

పోస్టు చాలా బాగుంది. ఒక సందేహం. ‘పుట్టెడు దుఃఖం’లో పుట్టి అంటే ఏట్లో తిరిగే గుండ్రటి పుట్టి అని విన్నాను. పడవ నిండా దుఃఖం అని. మీ లెక్క ప్రకారం ధాన్యం పుట్టి అవుతుంది. ఏది సరి?

ఇంకో సంగతి. మా గోదావరి జిల్లాల్లో పొలం ఇప్పటికీ కుంచాల్లో చెప్పేవాళ్ళున్నారు. పది సెంట్లు ఒక కుంచం. కొలిచే గిన్నె ఇంట్లోంచి పోయినా పొలంగట్టు మీద ఉండిపోయింది. మా నాన్నమ్మ ఎప్పుడూ అనేది, “కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు” అని. నన్ను కుంచం పక్కన నిలబెట్టి ఎత్తు చూసేది కూడా.

*

నా జవాబు

కాకినాడ వారికి: నాది ధాన్యం పుట్టి వైపే. ఇరవై తూముల పుట్టి ఒక్కటే కాదు, దాని కిందా మాటలున్నాయి. పది తూములు పందుము, అయిదు తూములు ఏదుము, రెండు తూములు ఇద్దుము. ఇంత వరస ఉన్న ఇంటి నుంచి వచ్చిన మాట పుట్టెడు. పైగా ఇది గంపెడాశ, బండెడు చాకిరీ, చేరెడు కళ్ళు అన్న మాటల తోటిది. అన్నీ రోజూ చేతిలో, కంటి ముందు ఉన్నవాటితో కొలిచినవే. రాత్రి కూర్చుని లెక్క కట్టాను, పుట్టి అంటే 1280 సోలలు. ఇంటిల్లిపాదికీ పూటకు రెండు సోలలు వండే ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళకు అదెంతో తెలుసు. పూటకు రెండు చొప్పున తీస్తూ పోతే అయిపోవడానికి ఏడాది దాకా పట్టేంత దుఃఖం.

డాలస్ వారికి: కచ్చితంగా అదే కుటుంబం. కప్పుడు, గ్లాసుడు, చెంచాడు, బస్తాడు. ఇంగ్లీషు నుంచి వచ్చిన గిన్నెకు కూడా పిల్లలు తడుముకోకుండా చేరుస్తున్నారంటే ప్రత్యయం బతికే ఉంది. మీ మాట మా అమ్మాయికి చదివి వినిపించాను, చాలా సంతోషించింది.

వరంగల్ తమ్ముడూ, మీ అన్నని అడుగు. తప్పకుండా అడుగు.

*

జవాబు, విజయనగరం నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు

అమ్మా, ‘-ఎడు’ గురించి మీరు చెప్పింది బాగుంది. నా దృష్టి మాత్రం మీ సోల అడుగున ఉన్న ‘కి’ మీద పడింది. వ్యాకరణం ప్రకారం రాసేవాళ్ళు ఇకారంతో ముగిసే మాటకు ‘కి’, అకారాంతానికి ‘కు’ వేస్తారు. హరికి, అమ్మకు. మాటల్లో మనం అమ్మకి అంటాం, అది వేరు. పెళ్ళి సామాను మీద చెక్కించేటప్పుడు ‘చి. సౌ.’ అని పద్ధతిగా మొదలుపెట్టినవారు చివరి అక్షరం కూడా పద్ధతిగానే రాయించి ఉంటారని నా అనుకోలు. మీ అమ్మమ్మగారి పేరు ఇకారంతో ముగుస్తుందా?

*

నా జవాబు

మాస్టారూ, మీ ప్రశ్న చూసి కాసేపు కదల్లేకపోయాను. మా అమ్మమ్మ పేరు ‘మ్మ’తో ముగుస్తుంది. రేషన్ కార్డులో, పొలం కాయితాల్లో, అందరి నోళ్ళలో అదే. మీరన్నట్టయితే ‘కు’ ఉండాలి. సోల ఆవిడది కాదేమోనని భయం వేసింది.

అమ్మకు ఫోన్ చేశాను. మీరు చెప్పింది చెప్పాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత అంది: “మా అమ్మది పుట్టింట్లో వేరే పేరే. కాపరానికొచ్చాక అత్తగారి పేరూ అదే అని, కోడల్ని ఆ పేరుతో పిలవకూడదని మార్చేశారు. పద్నాలుగేళ్ళప్పుడు. మళ్ళీ ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.”

ఆ పేరేమిటో అడిగాను. అమ్మ చెప్పింది. ఇకారంతోనే ముగుస్తుంది మాస్టారూ. అది ఇక్కడ రాయను, మన్నించండి. ఫోన్ పెట్టేశాక సోల అడుగున కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దాను. ‘కి’ ముందు గుడి గీత కొంచెం తేలింది.