ఆన్‌లైన్ సబ్జెక్టుకి ఫీడ్‌బ్యాక్‌లో ఎంత వేస్తారు?

ప్రశ్న (చెన్నై, బీటెక్ మూడో సంవత్సరం):
మాది నెల్లూరు, ఇక్కడ ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో చదువుతున్నా. ఈ సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ వీడియో కోర్సులు) చేసుకోమన్నారు, ఇంకోటి మా సారు శనివారాలు ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చెప్తారు. ఇప్పుడు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు, రెండింటికీ కలిపి ఒకటే ప్రశ్న, ‘ఆన్‌లైన్ బోధనతో సంతృప్తిగా ఉన్నారా’ అని, 5కి మార్కులు వేయాలి, అది నింపితేగానీ హాల్‌టికెట్ రాదు. ఎన్‌పీటీఈఎల్ వీడియోలు బాగున్నాయి, అర్థం కాకపోతే నాలుగుసార్లు వెనక్కి జరుపుకుని చూస్తా. సారు క్లాసులో మాత్రం అరవై మందిమీ మైకులూ కెమెరాలూ ఆపేసి పడుకుంటాం (నేనూ అంతే, అబద్ధమెందుకు). ఏం వేయాలి?

జవాబు 1 (బెంగళూరు):
తమ్ముడూ, నేను ఉద్యోగం చేస్తూ ఐఐటీ మద్రాస్ బీఎస్ డేటా సైన్స్ చేస్తున్నా, 2020లో మొదలుపెట్టారే, అదే. పాఠాలన్నీ ఆన్‌లైనే, కానీ వారంవారం అసైన్‌మెంట్లు, పైగా క్విజ్‌లూ ఎండ్ టర్మూ సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఆ భయానికే చదువుతున్నా. నాకైతే 4. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, రాత్రి పదకొండుకి మారతహళ్లి రూములో స్టాటిస్టిక్స్‌తో కుస్తీ పడుతుంటే ‘ఇది నీకు అర్థమైందా’ అని అడగడానికి పక్కన ఒక్కడుండడు.

జవాబు 2 (చెన్నై, లెక్చరర్):
బాబూ, అరవై నల్ల పెట్టెలకి పాఠం చెప్పడం ఎలా ఉంటుందో మీ సారునీ అడుగు. ‘వినపడుతోందా’ అంటే పలికే నాథుడుండడు, అటెండెన్స్ పిలిస్తే మాత్రం అందరూ లేస్తారు. ఎన్‌పీటీఈఎల్‌లో ఒకటి గుర్తుపెట్టుకో, 12 వారాల కోర్సులో ఎక్కువ మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. వాట్సాప్‌లో వచ్చిన జవాబులు దించేసి 25కి 25 తెచ్చుకుని, పరీక్షలో 30 రాక సర్టిఫికెట్ పోగొట్టుకున్నవాళ్లు మా క్లాసులోనే ఉన్నారు. ఫీడ్‌బ్యాక్‌లో అంకె ఎంతైనా వెయ్యి, కింద కామెంట్ మాత్రం రాయి, నేనైతే అదే చదువుతా.

జవాబు 3:
కళ్లు మూసుకుని 5 కొట్టేయ్ బ్రో. పేరు కనపడదంటారు గానీ లాగిన్ అయ్యేది రోల్ నంబర్‌తోనే కదా.

ప్రశ్న అడిగినవారు:
వామ్మో, అది తట్టలేదు, అప్పటికే 3 వేసేశా. ‘పాఠం ముందే రికార్డు చేసి పంపండి, శనివారం గంటా డౌట్లకి ఇవ్వండి’ అని కామెంట్ కూడా రాశా. మేడమ్, అసైన్‌మెంట్లు నావీ వాట్సాప్‌వే. పరీక్ష ఈ ఆదివారం.