కువైత్‌లో మొదటి క్రిస్మస్: సెలవు ఎలా అడగాలి, ఆరాధనకు ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న (రాజోలు ప్రాంతం, ప్రస్తుతం కువైత్)

అందరికీ వందనాలు. నేను ఖాదిం (ఇంటిపని) వీసా మీద కువైత్ వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఫర్వానియా వైపు ఒక ఇంట్లో వంట, పిల్లల పని చూస్తున్నాను. ఇంటివారు మంచివారే, జీతం నెలనెలా చేతికి ఇస్తున్నారు. మా ఊళ్లో డిసెంబరు వచ్చిందంటే ఇంటి మీద నక్షత్రం కట్టడం, రాత్రిళ్లు క్యారల్స్‌తో గడపగడపకూ తిరగడం, 24వ తేదీ రాత్రి చర్చిలోనే తెల్లవార్చడం చిన్నప్పటి నుంచీ అలవాటు. 2026 క్రిస్మస్ శుక్రవారం పడింది కనుక సెలవు సులువుగా దొరుకుతుందని కొందరు చెబుతున్నారు. పండుగ మాట ఎత్తితేనే మామాకు, అంటే ఇంటి యజమానురాలికి, కోపం వస్తుందని ఇంకొందరు భయపెడుతున్నారు. అసలు అడగవచ్చా? ఆరాధన ఎక్కడ జరుగుతుంది? మా పక్క ఊరి ఆవిడ సెలవు ముగించుకుని తిరిగి వస్తోంది, ఆమె చేత అమ్మ పిండివంటలు పంపిస్తానంటోంది. తెప్పించుకోవచ్చా?

జవాబు (పాలకొల్లు, చాలా కాలంగా కువైత్)

చెల్లెమ్మా, అడగవచ్చు, దాచకుండా అడగాలి. ఇక్కడ క్రైస్తవ ఆరాధన దొంగచాటు వ్యవహారం కాదు. కువైత్ పౌరులలోనే కొద్ది క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి. 1999లో అభిషేకం పొందిన పాస్టరు ఇమ్మాన్యుయేల్ గరీబ్ కువైత్ దేశస్థుడే. ఈసా నబీ (మన యేసు), మరియమ్మల పేర్లు మీ మామాకు ఖురాన్‌లోనే పరిచయం. కాబట్టి "డిసెంబరు 25 మా ఈద్, ప్రార్థనకు వెళ్లి వస్తాను" అంటే ఆమెకు అర్థం కాకపోవడం ఉండదు. ఆమెకు వచ్చే చిక్కంతా ఇంటిపని ఎవరు చూస్తారన్న దగ్గరే.

శుక్రవారం పడటం కలిసివచ్చిందని అనుకోవద్దు. ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నం పెద్దావిడ ఇంట్లో కొడుకులూ కూతుళ్లూ మనవలూ కలిసి భోజనం చేసే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. ఆ పూట పెద్ద తపేలాలో మచ్‌బూస్ (మాంసం కలిపిన అన్నం) ఉడుకుతుంటే వంటమనిషిని బయటకు పంపే ఇల్లాలు అరుదు. పైగా నవంబరు నడుమ నుంచి మార్చి నడుమ వరకు ఎడారిలో గుడారాలు వేసుకునే కాలం, గురువారం సాయంత్రమే సామానుతో పాటు పనివారిని కూడా బండి ఎక్కించి తీసుకుపోతారు. 24వ తేదీ గురువారమే కదా. అందుచేత డిసెంబరు మొదటి వారంలోనే, ఇంట్లో చుట్టాలు లేని పూట చూసి, మామాతో ఒంటరిగా మాట్లాడండి. రోజంతా కావాలనకుండా, శుక్రవారం భోజనాల గిన్నెలు కడిగి సర్దిన తరువాత సాయంత్రం వెళ్లి ఫలానా గంటకు తిరిగి వస్తానని చెప్పండి. అదీ కుదరకపోతే ఆ వారం సెలవును శనివారానికి మార్చమనండి. ఇంటిపనివారి కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం వారానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలని చెబుతుంది. క్రిస్మస్ మాత్రం ఈ దేశంలో ప్రభుత్వ సెలవు కాదు కనుక, పండుగ పేరుతో కాక వారపు సెలవు పేరుతో అడగడమే మనకు బలం. అయితే చట్టం మాట ముందుగా ఎత్తవద్దు, అది ఆఖరి మెట్టు.

చెప్పకుండా మాత్రం గడప దాటవద్దు. ఒక్క రాత్రి కనిపించకపోయినా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పరారీ కేసు పెట్టగలడు, అప్పుడు మనం కల్లివల్లి, అంటే పారిపోయి చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్ల కింద లెక్క. 24వ తేదీ రాత్రి ఆరాధన ముగిశాక బస్సులు దొరక్క ఎవరి గదిలోనో పడుకుని ఉదయం వస్తే సరిపోతుందనే సలహా మన వాళ్లే ఇస్తారు, దానికి లొంగకండి. సివిల్ ఐడి (ఇక్కడి గుర్తింపు కార్డు) అసలుదే దగ్గర ఉంచుకోండి.

ఆరాధన స్థలం విషయానికి వస్తే, కువైత్ సిటీలో కిబ్లా ప్రాంతంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణం ఉంది. ఒకే ప్రహరీ లోపల తెలుగు, తమిళం, మలయాళం మొదలుకుని ఎన్నో భాషల సంఘాలు గంటల వంతున హాళ్లు పంచుకుంటాయి. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు కనుక మన ఆదివారపు ఆరాధన శుక్రవారమే జరుగుతుంది. కథోలికుల హోలీ ఫ్యామిలీ కెథీడ్రల్ కూడా ఆ దగ్గరలోనే ఉంటుంది. మీరు బస్సులో సిటీలోని మాలియా ప్రాంతానికి చేరుకుని అక్కడ ఎవరిని అడిగినా దారి చూపిస్తారు. ఏ గంటకు ఏ హాలు అన్నది సంఘం పెద్దలనో అయ్యగారినో ముందే ఫోనులో అడిగి రాసుకోండి. పండుగ వారంలో వేళలు మారుతుంటాయి. నరసాపురంలో 1836 నుంచీ గోదావరి డెల్టా మిషను నీడలో పెరిగిన బ్రెదరన్ మందిరాల వాళ్లు, లూథరన్లు, బాప్టిస్టులు ఊళ్లో ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు గానీ, ఇక్కడ ఒకే హాల్లో పక్కపక్కన కూర్చుని పాడతారు. ఏ సంఘమని చూసుకోకుండా వెళ్లండి.

25వ తేదీన ఎలాగూ వీలు కాకపోతే బెంగపడవద్దు. సంఘాలు క్రిస్మస్ కార్యక్రమాలను డిసెంబరు శుక్రవారాలలో విడివిడిగా పెట్టుకుంటాయి, మనకు దొరికిన శుక్రవారమే మన పండుగ. నా ఉద్దేశంలో 25వ తేదీ కోసం పోట్లాడి, తరువాతి నెలల సెలవులు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

జవాబు (భీమవరం, ప్రస్తుతం ఖతార్)

అక్కగారు చెప్పినదానికి మరొక్క మాట. మీ గదిలో బైబిలు చదువుకోండి, చిన్న నక్షత్రం పెట్టుకోండి, కానీ కిటికీకి బయట వైపు కట్టవద్దు. ఆ ఇంటి పిల్లలకు యేసు కథ చెప్పడం, కరపత్రం ఇవ్వడం వంటివి అసలు చేయవద్దు. ముస్లింలకు మత ప్రచారం చేయడం గల్ఫ్ దేశాలలో నేరం, ఊళ్లోని అయ్యగారు ఎంత ధైర్యం చెప్పినా కేసు పడేది మన మీద.

ఇతర దేశాల వారి కోసం: దోహాలో చర్చిలన్నీ మెసైమీర్ ప్రాంగణంలో ఉన్నాయి, ద్వారం దగ్గర గుర్తింపు కార్డు చూసి సంచులు తనిఖీ చేస్తారు, పండుగ నాడు వరుస పెద్దది కనుక ముందుగా బయలుదేరాలి. మస్కట్‌లో రువీ, ఘలా ప్రాంతాలలో, దుబాయిలో ఊద్ మేథా, జెబెల్ అలీలలో చర్చిలు ఉన్నాయి. సౌదీలో చర్చిలే లేవు, అక్కడ గదిలో చేసుకునే సొంత ప్రార్థనే దారి.

ప్రశ్న వేసినవారు

అక్కా, అన్నయ్యా, చాలా సంతోషం. మామాతో వచ్చే వారం మాట్లాడతాను. అమ్మ అరిసెలు, జంతికలు, కోడికూరలోకి ఇంట్లో కొట్టిన మసాలా పొడి సిద్ధం చేస్తోంది. మా ఇంట్లో అరిసెలకు గసగసాలు అద్దుతారు. పరవాలేదా?

జవాబు (పాలకొల్లు)

అమ్మా, ఈ రోజే ఫోను చేసి ఆపించండి. గసగసాలు మనకు వంటదినుసు, ఇక్కడ మత్తుపదార్థాల లెక్కలోకి వస్తాయి. సౌదీ, ఎమిరేట్స్ వంటి చోట్ల ఆ గింజలతో పట్టుబడి జైలు పాలైన వారున్నారు. అరిసెలకు నువ్వులు అద్దమనండి. అంతకంటే ప్రమాదం ఆ మసాలా పొడి, ఎందుకంటే మన వైపు కోడికూర మసాలాలో గసగసాలు వేయించి కలిపేస్తారు, చూడటానికి తెలియదు. పొడి పంపించవద్దు, ఇక్కడి దుకాణాలలో అన్నీ దొరుకుతాయి. జంతికలు, సున్నుండలు నిశ్చింతగా రావచ్చు. రమ్ము కలిపిన కేకు, పంది మాంసపు పచ్చడి, డాక్టరు చీటీ లేని మాత్రలు వద్దు. తెచ్చే ఆవిడ కళ్ల ముందే డబ్బా కట్టమనండి, పట్టుబడితే శిక్ష ఆమెది కదా.

ఇంటికి ఫోను చేసే వేళ కూడా చూసుకోండి. మన దగ్గరి కంటే ఇక్కడ గడియారం రెండున్నర గంటలు వెనక. ఊళ్లో తెల్లవారుజామున అయిదు గంటల ఆరాధన మీకు రాత్రి రెండున్నరకు వస్తుంది, దాని కోసం మేల్కొని మర్నాడు పొయ్యి దగ్గర తూలడం కంటే, ఊళ్లో రాత్రి ఎనిమిది గంటలకు అందరూ భోజనాలకు కూర్చునే వేళకు, అంటే ఇక్కడ సాయంత్రం అయిదున్నరకు, చర్చి ఆవరణ నుంచే వాట్సాప్‌లో వీడియో కాల్ చేయండి. వెనక పాటలు అమ్మకు కూడా వినిపిస్తాయి.