గ్రామ క్లినిక్‌లో బీపీ మాత్ర మొదలుపెట్టే అధికారం నర్సుకు ఇవ్వాలా, వద్దా?

పల్లె క్లినిక్ సిస్టర్ (చర్చ మొదలుపెట్టినవారు):

నేను ప్రకాశం జిల్లాలో ఒక గ్రామ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) పనిచేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్‌తో పాటు కమ్యూనిటీ హెల్త్ శిక్షణ తీసుకుని ఈ ఉద్యోగంలోకి వచ్చాను. వేరే రాష్ట్రాల్లో మాలాంటి వాళ్లను సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అంటారు.

మొన్న 46 ఏళ్ల మిరప కోత కూలీ ఒకావిడ వచ్చింది. బీపీ 164/102. పావుగంట కూర్చోబెట్టి మళ్లీ చూశాను, 160/100. వారం క్రితం చూసినప్పుడూ దాదాపు ఇంతే. తలనొప్పి, ఆయాసం, కాళ్ల వాపు ఏమీ లేవు. షుగర్ లేదు. ఆమెకు కావలసింది ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర. అది నా వెనక బీరువాలోనే ఉంది. కానీ మొదటిసారి రాయాల్సింది డాక్టరే. ఆయన రాశాక నెలనెలా మాత్రలు ఇచ్చేది, బీపీ చూసేది నేను. పీహెచ్‌సీ 14 కిలోమీటర్ల దూరం. 104 బండిలో డాక్టర్ గారు మా ఊరికి రావడానికి ఇంకా 11 రోజులుంది. టెలీ కన్సల్టేషన్‌కి ప్రయత్నిస్తే ఆ పూట లైను దొరకలేదు. పీహెచ్‌సీకి వెళ్లమంటే "ఒక పూట కూలీ పోతుందమ్మా" అని తోటకి వెళ్లిపోయింది.

పంపేశాక రాత్రంతా నాకు టెన్షన్. ఇలాంటి కేసుల్లో మాత్ర మొదలుపెట్టే అధికారం మాకు రాతపూర్వకంగా ఇవ్వాలని నేనంటాను. మీరేమంటారు?

పీహెచ్‌సీ వైద్యుడు:

సిస్టర్, మీ బాధ అర్థమైంది. అయినా నేను ఒప్పుకోను. 164/102 అనేది ఒక అంకె. అది ఎందుకు పెరిగిందో తెలుసుకోవడం వైద్యం. ఆమె ఒళ్లు నొప్పులకి రోజూ డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటోందా? మూత్రంలో ప్రొటీన్ పోతోందా? చివరి నెలసరి ఎప్పుడు? ఇవి అడిగారో లేదో మీరు రాయలేదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఒక సబ్ సెంటర్‌కి షుగర్ ఉన్న 58 ఏళ్ల ఆవిడ వచ్చింది. కడుపు పైభాగంలో మంట, వికారం, చెమటలు. గ్యాస్ మాత్ర ఇచ్చి పంపారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. ఆ సిస్టర్ నిర్లక్ష్యం చేసే మనిషి కాదు. షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చని ఆ క్షణాన ఆమెకు తట్టలేదు. అలా తట్టాలంటే ముందు వార్డుల్లో, క్యాజువాలిటీలో అలాంటి వాళ్లను పదుల సంఖ్యలో చూసి ఉండాలి. ఆరు నెలల కోర్సు ఆ అనుభవం ఇవ్వదు.

మన్యం మాస్టారు:

పాడేరు వైపు హెల్త్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. డాక్టర్ గారూ, ఒక్క మాట. మా ఏజెన్సీలో ఆశా కార్యకర్త వేలి నుంచి రక్తపు చుక్క తీసి, కిట్‌లో చూసి, ఫాల్సిపారం మలేరియా అని తేలితే అక్కడికక్కడే ఏసీటీ అనే మలేరియా మందు మొదలుపెడుతుంది. డాక్టర్ వచ్చేదాకా ఆగితే జ్వరం మెదడుకెక్కుతుందని అందరికీ తెలుసు. గుర్రపువాతం (ఫిట్స్) వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఏఎన్‌ఎం ఇచ్చి పంపవచ్చు. రెండు నెలల లోపు పసికందుకు సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్) లక్షణాలుంటే ఏఎన్‌ఎం జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

అంటే అంతకంటే ప్రమాదకరమైన పరిస్థితుల్లో, అంతకంటే తక్కువ చదువుకున్నవాళ్ల చేతికి మందు ఇచ్చాం. నమ్మకం ఎలా కుదిరింది? ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలో, ఎప్పుడు చేయి వేయకూడదో కాగితం మీద గీత గీశాం కాబట్టి. బీపీకి ఆ గీత ఎందుకు గీయలేం?

పీహెచ్‌సీ వైద్యుడు:

మాస్టారూ, మలేరియాకి కిట్ ఉంది. గీత పడితే ఉంది, పడకపోతే లేదు. పైగా అది మూడు రోజుల మందు. బీపీ మాత్ర జీవితాంతం వేసుకోవాల్సింది. రెండూ ఒకటి కావు.

టెక్సాస్ నర్సమ్మ:

నాది గుంటూరు. తొమ్మిదేళ్లుగా ఇక్కడ టెక్సాస్‌లో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌గా, అంటే రోగిని చూసి మందులు రాసే నర్సుగా ఉన్నాను. అమెరికాలో ఈ వృత్తి 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి పెట్టారు. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో మేం సొంతంగా ప్రాక్టీస్ చేయవచ్చు. టెక్సాస్‌లో మాత్రం మందులు రాయాలంటే డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం ఉండి తీరాలి.

2000 సంవత్సరంలో జామా అనే వైద్య పత్రికలో న్యూయార్క్ అధ్యయనం ఒకటి వచ్చింది. 1,316 మంది రోగులను కొందరిని నర్స్ ప్రాక్టీషనర్లకు, కొందరిని డాక్టర్లకు కేటాయించి ఆరు నెలల తర్వాత చూస్తే షుగర్, ఆస్తమాల్లో తేడా కనిపించలేదు. బీపీలో కింది అంకె నర్సుల దగ్గర కాస్త తక్కువగా ఉంది. అయితే దీన్ని పట్టుకుని మీ పక్షాన గెలిచేశానని చెప్పలేను సిస్టర్. ఆ నర్సులు మాస్టర్స్ స్థాయి శిక్షణ పొందినవాళ్లు. నేను కూడా డిగ్రీ తర్వాత ఇంకా చదివి, వందల గంటలు డాక్టర్ పక్కన కూర్చుని రోగులను చూశాకే మందు చీటీ మీద సంతకం పెట్టాను. ఆ శిక్షణలో నాకు బాగా నాటుకుపోయిన పద్ధతి ఒకటుంది. రోగి చెప్పిన దానికి మామూలు జబ్బు పేరు పెట్టే ముందు, ప్రాణం తీసే జబ్బులు ఏవేవి అయ్యుండొచ్చో వరసగా అనుకుని ఒక్కొక్కటే కాదని తేల్చుకోవాలి. డాక్టర్ గారు చెప్పిన 58 ఏళ్ల ఆవిడ విషయంలో జరగనిది అదే. మన దేశంలో నర్సులకు క్రిటికల్ కేర్‌లో (ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల వైద్యం), మిడ్‌వైఫరీలో (కాన్పులు) నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులు పెట్టారు. ఆ స్థాయి శిక్షణ ఊరి క్లినిక్ నర్సుకీ అందాలి.

కవిటి నుంచి:

నేను రోగి తరఫు మనిషిని. మాది ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట పేర్లు వింటే మీకు కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. పలాసలో 2023లో పెద్దాసుపత్రి వచ్చింది, మంచిదే. కానీ మా అమ్మ నడుం నొప్పికి మొదట వెళ్లింది ఆర్‌ఎంపీ దగ్గరకే. డాక్టరా, నర్సా అని మీరు చర్చిస్తున్నారు. మా ఊళ్లో అసలు పోటీ ఆర్‌ఎంపీకి, నర్సుకి మధ్య. ఆయన రెండేళ్లు నొప్పి ఇంజెక్షన్లు పొడిచాడు. క్లినిక్ సిస్టర్‌కి అది కిడ్నీకి ముప్పు అని తెలుసు. అమ్మతో మెల్లగా చెప్పింది కూడా. కానీ ఊళ్లో ఆయన మాటకున్న బరువు ఆమె మాటకు లేదు, ఎందుకంటే ఆయన మందు రాస్తాడు, ఆమె రాయదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసేసరికి 2.8, చాలా ఎక్కువ.

మొదలుపెట్టే అధికారం గురించి అడుగుతున్నారు కదా. ఆపే అధికారం గురించి కూడా అడగండి.

పల్లె క్లినిక్ సిస్టర్:

కవిటి తమ్ముడూ, ఈ మాట నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. నిజంగా అదే జరుగుతోంది.

డాక్టర్ గారూ, మీరడిగినవి న్యాయమైన ప్రశ్నలు. నెలసరి అడిగాను. నొప్పి మాత్రల గురించి అడగలేదు. మూత్రంలో ప్రొటీన్ చూడలేదు. అది నా తప్పే. కానీ ఒకటి గమనించండి. మాత్ర ఇచ్చే అధికారం లేదు కాబట్టి నేను రెఫర్ అని రాసి ఊరుకున్నాను. ఇవ్వాల్సిన బాధ్యత నాదైతే ఆ రెండూ తప్పకుండా చూసేదాన్ని. నిర్ణయం మనది కానప్పుడు ప్రశ్నలు కూడా తగ్గిపోతాయి సార్.

ఇంకో సంగతి. గ్యాస్ మాత్ర ఇచ్చి పంపడం కూడా నిర్ణయమే. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. మేం రోజూ చేసే అతి పెద్ద నిర్ణయం "ఇంటికి వెళ్లొచ్చు" అని చెప్పడం. దానికి మాత్రం ఏ కాగితమూ లేదు.

నేను కోరుకునేది ఇంతే. ముప్పై దాటిన మనిషి, గర్భిణి కాదు, బీపీ రెండు వేర్వేరు రోజుల్లో 140/90 నుంచి 180/110 లోపు, ప్రమాద లక్షణాలు లేవు, మూత్రంలో ప్రొటీన్ లేదు. ఇవన్నీ సరిపోతే ఆమ్లోడిపిన్ 5 నేను మొదలుపెడతాను, తర్వాత 104 బండి వచ్చే రోజున డాక్టర్ చూసి తీరాలి. ఇందులో ఒక్కటి తేడా ఉన్నా పంపేస్తాను. టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మాత్ర జోలికి వెళ్లను. దానికి క్రియాటినిన్, పొటాషియం చూడాలి, గర్భం వచ్చే వయసు వాళ్లకు ఇవ్వకూడదు.

పీహెచ్‌సీ వైద్యుడు:

ఇలా రాసిస్తే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగిలిన సగం ఏమిటంటే, రేపు కేసయితే ఎవరు నిలబడతారు? 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కి పరిమిత లైసెన్స్ అనే మాట ఉంది. ప్రాథమిక, నివారణ వైద్యంలో కొన్ని మందులు సొంతంగా రాయవచ్చని దాని అర్థం. అప్పుడు డాక్టర్ల సంఘం ఐఎంఏ పిలుపు మీద దేశమంతా సమ్మె చేశాం, నేనూ రోడ్డు మీద కూర్చున్నాను. నాటు వైద్యులకు దొడ్డిదారి తెరుస్తారని మా భయం. ఆ భయం నాకు ఇప్పటికీ ఉంది. కానీ బీఎస్సీ నర్సింగ్ చదివిన మీరు ఆ లైసెన్స్ పొందేవాళ్లలో ఉండకూడదని నేను అప్పుడూ అనలేదు.

నాది ఒక షరతు. నాలుగు ఊళ్లకో డాక్టర్ పేరు, ఫోన్ నంబరు ఆ కాగితం మీద ఉండాలి. మొదటి మాత్ర ఇచ్చిన రోజే ఆ డాక్టర్‌కి తెలియాలి. నెలకోసారి ఇద్దరూ కూర్చుని అన్ని కేసులూ చూడాలి, డాక్టర్ దగ్గరకు పంపకుండా ఉండిపోయినవి కూడా.

టెక్సాస్ నర్సమ్మ:

మా ఒప్పందం కూడా దాదాపు ఇదే డాక్టర్ గారూ. చివరన మీరన్నది, అంటే పంపని కేసులు చూడటం, మాకంటే మెరుగ్గా ఉంది.

పల్లె క్లినిక్ సిస్టర్:

ఒప్పుకుంటున్నాను సార్. ఈ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లొచ్చాను. బీపీ 168/100. మూత్రంలో ప్రొటీన్ లేదు. నొప్పి మాత్రలు వారానికి మూడు నాలుగు వేసుకుంటోందట, ఊళ్లో కొట్లోనే కొంటోంది. అవి ఆపమని చెప్పాను. గురువారం 104 వస్తుంది. పనికి వెళ్లేముందే చూపించేలా పొద్దున్నే వస్తానని ఆమె కూతురు మాటిచ్చింది.