పాత కారు డ్యాష్‌బోర్డ్ స్పీకర్ల గరగర: డ్యాష్ విప్పాలా, బేస్ తగ్గించాలా?

పాతబండి_గుంటూరు
అందరికీ నమస్కారం. మా నాన్నగారి కారు 2003 మోడల్. డ్యాష్‌బోర్డ్ రెండు మూలల్లో 4 అంగుళాల స్పీకర్లున్నాయి. వెనక ట్రేలో 6 అంగుళాలవి తర్వాత పెట్టించాం. వాల్యూమ్ సగం దాటిందంటే ఎడమవైపు ఒకటే గరగర. డప్పు దెబ్బ పడినప్పుడల్లా అద్దం కింద ఏదో టపటపమంటుంది. కార్ డెకార్ షాపులో అడిగితే డ్యాష్ మొత్తం దించి డ్యాంపింగ్ షీట్ (అదురును అణిచే జిగురు షీట్) వేయాలి, బండి వదిలి వెళ్లమన్నారు. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ బాబాయ్ మాత్రం "డ్యాష్ జోలికి పోకు, బేస్ తగ్గించుకో" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

నిశ్శబ్దం_నెల్లూరు
విప్పండి. ఇరవై ఏళ్లు ఎండలో కాగిన బండి అది. కంపెనీ వాళ్లు ప్యానెళ్ల మధ్య అంటించిన ఫోమ్ ఈపాటికి పొడి అయిపోయి ఉంటుంది, వేలితో తాకితే నల్లగా రాలుతుంది. ఆ ఖాళీలోనే ప్లాస్టిక్కు ప్లాస్టిక్ కొట్టుకుంటుంది. బేస్ తగ్గిస్తే చప్పుడు వినిపించదు, అంతే. వదులు వదులుగానే ఉంటుంది. రేపు గతుకుల రోడ్డు మీద పాట లేకుండానే మోగుతుంది. ఒక్కసారి పూర్తిగా చేయించుకుంటే బండి ఉన్నన్నాళ్లూ బాధ ఉండదు.

కెపాసిటర్_కోఠి
మోగుతున్నది ఏదో తేలకుండా డ్యాష్ దించడానికి నేను ఒప్పుకోను. కారణం చెబుతాను.

స్పీకర్ ఒకే సౌండ్ ఇవ్వాలంటే ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గినప్పుడల్లా కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. 200 హెర్ట్జ్ దగ్గర అర మిల్లీమీటరు కదిలేది 100 దగ్గర రెండు, 50 దగ్గర ఎనిమిది మిల్లీమీటర్లు కదలాల్సి వస్తుంది. 4 అంగుళాల స్పీకర్ అంత ఆడలేదు. బేస్ రాదు, కానీ ఆ ఊపంతా ఫ్రేమ్ మీదకు, అక్కడి నుంచి స్క్రూల గుండా డ్యాష్ మీదకు పోతుంది. మీరు ఎంత షీట్ అంటించినా ఊపేవాడు ఊపుతూనే ఉంటాడు. వెనక 6 అంగుళాలవి ఉన్నాయి కదా, కింది బేస్ వాటికి అప్పగించండి. సెట్ మెనూలో ఫ్రంట్ స్పీకర్లకు హై పాస్ ఫిల్టర్ (కింది బేస్‌ను కోసి పై సౌండ్‌నే పంపేది) ఉంటే 120 హెర్ట్జ్ దగ్గర పెట్టి వినండి. ఖర్చు సున్నా.

తర్వాత పరీక్ష. ఇంజిన్ ఆపండి, ఏసీ ఫ్యాన్ ఆపండి. డ్యాష్ మీద, గ్లవ్ బాక్స్‌లో ఉన్న చిల్లర, తాళాలు, దేవుడి బొమ్మ అన్నీ తీసేయండి. ఫోన్‌ను సెట్‌కు కలిపి, అందులో టోన్ జనరేటర్ యాప్ (మనం చెప్పిన ఒకే ఫ్రీక్వెన్సీని మోగించేది) పెట్టి, బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు, ఫేడర్ (ముందు వెనక స్పీకర్ల మధ్య సౌండ్ పంచేది) ముందుకు తిప్పండి. 60 హెర్ట్జ్ నుంచి 300 దాకా మెల్లగా పైకి పోండి. ఏదో ఒక అంకె దగ్గర గరగర ఒక్కసారిగా లేస్తుంది. అక్కడే ఆపి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని అరచేత్తో ఒక్కో చోటా నొక్కండి: గ్రిల్, ఏసీ వెంట్, అద్దం కింది పట్టీ, గ్లవ్ బాక్స్ మూత. ఏది నొక్కితే ఆగుతుందో అదే దొంగ. ఎక్కడ నొక్కినా ఆగకపోతే స్పీకర్‌నే అనుమానించాలి. గ్రిల్ తీసి, కోన్‌ను రెండు బొటనవేళ్లతో సమానంగా మెల్లగా లోపలికి నొక్కండి. గీరుకున్నట్టు తగిలితే స్పీకర్ లోపలి కాయిల్ పోయినట్టే. దానికి డ్యాంపింగ్ షీట్ వేసి ఏం లాభం?

ఆటోనగర్_వైరింగ్
విజయవాడ ఆటోనగర్‌లో ఇదే పని చేసుకుంటాను. కోఠి అన్న చెప్పిన పరీక్ష చేయకుండా డ్యాష్ దించమంటే నేను దించను. ఎండలో గంట నిలబెట్టిన బండి డ్యాష్ 70 డిగ్రీల దగ్గరకు పోతుంది. అన్నేళ్లు అలా కాగిన క్లిప్పులు అప్పడాల్లా విరుగుతాయి. ఒక గరగర కోసం విప్పితే రెండు కొత్తవి తయారవుతాయి. పాత మోడళ్లకు క్లిప్పులు దొరకడం కూడా కష్టం.

షీట్ వేయించక తప్పకపోతే బ్యూటైల్ రబ్బరుదే అడగండి. ఇళ్ల పైకప్పులకు వాడే తారు షీట్ చవకని వేస్తుంటారు, అది మన మే నెలలో వాసన కొట్టి కిందకు జారుతుంది. మీ బండి 2003ది కాబట్టి ఎయిర్‌బ్యాగ్ ఉండకపోవచ్చు. ఉందేమో చూసుకోండి. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే చేయి పెట్టకుండా తెలిసినవాళ్లకు ఇవ్వండి. సిలికాన్ స్ప్రే మాత్రం కొట్టొద్దు. దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది, డ్యాష్ మెరిసి అద్దంలో కళ్లకు కొడుతుంది.

నిశ్శబ్దం_నెల్లూరు
క్లిప్పుల మాట ఒప్పుకుంటాను. కానీ కోఠి గారూ, 120 కింద తీసేస్తే పాటలో పట్టు పోతుంది. మృదంగం ఎడమ వైపు గుమ్కీ (గుమ్మనే నాదం), మగ గొంతు కింది స్థాయి అన్నీ అక్కడే ఉంటాయి. ముందు కూర్చున్నవాళ్లకు సన్నటి గొంతు, వీపు వెనక నుంచి బేస్. అదేం వినికిడి? పాత బండిలో పాట వినడమే ఆనందం. దాన్ని తగ్గించుకోమనడం నాకు నచ్చదు.

కెపాసిటర్_కోఠి
సన్నబడుతుందన్నది నిజమే, అందుకే నేరుగా 200కు పొమ్మనలేదు. కానీ ఇప్పుడు ఆ గుమ్కీ మీకు శుభ్రంగా వినిపిస్తోందా? గరగరలో కలిసిపోయి వస్తోంది. 80 నుంచి మొదలుపెట్టి, గరగర ఆగేదాకా 10 చొప్పున పెంచుతూ పోవచ్చు. 100 దగ్గరే ఆగితే మృదంగం చాలావరకు మిగులుతుంది. వెనక స్పీకర్లకు ఫేడర్ రెండు మూడు పాయింట్లు ఇస్తే బేస్ తగ్గిన లోటు కూడా అంతగా తెలియదు.

పాతబండి_గుంటూరు
పొద్దున పరీక్ష చేశాను. మా తమ్ముడు నొక్కాడు, నేను ఫోన్ పట్టుకున్నాను. 110 దగ్గర గరగర లేచింది. గ్రిల్ నొక్కితే సగం ఆగింది, పూర్తిగా ఆగలేదు. గ్రిల్ ఊడదీసి చూస్తే స్పీకర్‌కు నాలుగు స్క్రూల చోట మూడే ఉన్నాయి. దాని వైరు కనెక్టర్ గాల్లో వేలాడుతూ ఏసీ డక్ట్‌కు కొట్టుకుంటోంది. టపటప అదే! కోన్ గీరుకోవడం లేదు. నా సెట్‌లో మాత్రం ఫిల్టర్ లేదు, పాతది.

నిశ్శబ్దం_నెల్లూరు
అయితే డ్యాష్ దించక్కర్లేదు, సంతోషం. కానీ ఫోమ్ మాత్రం వేయండి, అది నేను వదలను. గ్రిల్ అంచు లోపలివైపు, స్పీకర్ ఫ్రేమ్ కింద చుట్టూ మూసిన రంధ్రాల రబ్బరు ఫోమ్ పట్టీ. తలుపులకు అంటించే మెత్తటి స్పాంజ్ వద్దు, అది మళ్లీ పొడి అయిపోతుంది.

ఆటోనగర్_వైరింగ్
కనెక్టర్‌కు ఫోమ్ కంటే వైరింగ్‌కు చుట్టే గుడ్డ టేప్ మంచిది. చుట్టి, పక్కనున్న వైర్ల కట్టకు ట్యాగ్‌తో బిగించండి. నాలుగో స్క్రూ రంధ్రం అరిగిపోయి ఉంటే పెద్ద స్క్రూ దూర్చకండి, ప్లాస్టిక్ పగులుతుంది. స్ప్రింగ్ నట్ క్లిప్ (స్క్రూను పట్టుకునే చిన్న రేకు క్లిప్) వేయండి.

కెపాసిటర్_కోఠి
సెట్‌లో ఫిల్టర్ లేకపోతే స్పీకర్ ప్లస్ వైరులో వరసగా కెపాసిటర్ ఒకటి వేయండి, కింది బేస్‌ను అదే కోస్తుంది. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 330 మైక్రోఫారడ్ వేస్తే 120 హెర్ట్జ్ దగ్గర నుంచి కోత మొదలవుతుంది, 220 వేస్తే 180 దగ్గర. కోత మెల్లగానే ఉంటుంది, కాబట్టి నెల్లూరు గారి గుమ్కీ పూర్తిగా పోదు. నాన్ పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేనిది) అని అడిగి తీసుకోండి. దొరక్కపోతే మామూలు 470వి రెండు తీసుకుని మైనస్ కాళ్లు రెండూ కలిపి అతికితే దాదాపు 235 వస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి దొరుకుతాయి. గుంటూరులో రేడియో రిపేరు చేసే పాత షాపు ఉంటే అక్కడా అడగండి. రెండు వైపులా ఒకే విలువ వేయాలి. ముందు స్క్రూ, కనెక్టర్, ఫోమ్ పని ముగించి మళ్లీ టోన్ పెట్టి చూడండి, ఇంకా మోగితేనే కెపాసిటర్.

పాతబండి_గుంటూరు
సరే అన్నా. ఆదివారం స్క్రూ, గుడ్డ టేప్, ఫోమ్ అయ్యాక 110 దగ్గర మళ్లీ పెట్టి, ఏమైందో ఇక్కడే రాస్తాను. కుడివైపు గ్రిల్ కూడా విప్పి చూస్తాను, అక్కడా స్క్రూ లేదేమోనని అనుమానంగా ఉంది.