21 దాటితే మన పక్క ఏమంటారు?

అమలాపురం నుంచి:
సెలవలకి పిల్లలందరూ చేరారండి. రమ్మీకి ఓపిక లేదట, బ్లాక్‌జాక్ మొదలెట్టారు, అదేనండి, ముక్కల లెక్క 21 దాటకుండా దానికి దగ్గరగా చేరి, పంచేవాళ్ళని మించే ఆట. డబ్బుల్లేవు, చింతపిక్కలే పందెం. ఆట బావుంది గానీ "హిట్", "స్టాండ్", "బస్ట్" అని అరుస్తుంటే మా అత్తగారు "ఏంటే ఈ కొట్టుకోడాలూ నిలబడ్డాలూ" అంటున్నారు. మీ ఇళ్ళల్లో వీటిని ఏమంటారో చెప్తారా? నిఘంటువులోవి వద్దు, నోట్లో తిరిగేవి కావాలి.

కాకినాడ నుంచి:
హిట్‌కి తాడనం. బస్ట్‌కి అతిక్రమణం. ఆట పేరు ఏకవింశతి అంటే నిండుగా ఉంటుంది.

భీమవరం నుంచి:
అలా అంటే పేక కలిపేలోపే జనం లేచిపోతారండి.

పాలకొల్లు నుంచి:
కొత్తగా పుట్టించక్కర్లేదు. రమ్మీ, బేస్తు ఆడినవాళ్ళకి సగం మాటలు చేతిలోనే ఉన్నాయి. డీలర్ అననే అనం, "పంపకం ఎవరిది?" అంటాం. హిట్ అంటే "ఇంకోటి వెయ్యి". స్టాండ్ అంటే "చాలు". మా పిన్ని అదీ అనదు, రెండు ముక్కలూ బోర్లించి వాటి మీద తమలపాకు పెట్టేస్తుంది, ఇక ఆవిణ్ణి అడగక్కర్లేదని అర్థం. జాకీ, రాణి, రాజు కలిపి బొమ్మలు, ఒక్కోటీ పది. ఆసు ఒకటైనా అవుతుంది, పదకొండైనా అవుతుంది. మొదటి రెండు ముక్కల్లోనే ఆసూ బొమ్మా పడితే, లేదా ఆసూ పదీ పడితే అదే బ్లాక్‌జాక్, రెండు పిక్కలకి మూడిస్తారు. అందుకని పందెం సరి సంఖ్యలో కట్టించండి. లేకపోతే సగం పిక్క కోసం కత్తిపీట తేవాలి.

కాకినాడవారి సంస్కృతం మీద ఒక్క మాట. కళావరు, ఆఠీను ఎక్కడివనుకుంటున్నారు? డచ్చి పేకలో ఆ గుర్తులు క్లావర్, హార్టెన్. డైమన్ ఇంగ్లీషుది. డచ్చివాళ్ళ వర్తక స్థావరాలు మా పాలకొల్లులోనూ ఉండేవి, మీ జగన్నాథపురంలోనూ ఉండేవి. హాలండువాళ్ళని మనవాళ్ళు వలందులు అన్నారు, నరసాపురంలో వలంధర రేవు ఆ పేరే. 1824 ఒప్పందంతో వాళ్ళ స్థావరాలు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయాయి. ఆ మాటలు మాత్రం అరుగుల మీద ఆడినవాళ్ళ నోళ్ళలో అరిగి మనవైపోయాయి. పేర్లు ఎక్కడివైనా సరేగానీ కలపడం, కొయ్యడం, పంచడం, దించడం అన్నీ తెలుగే కదా. బ్లాక్‌జాక్‌ని బ్లాక్‌జాక్ అనే అనండి, పనులు మాత్రం తెలుగులో చెయ్యండి.

పి.గన్నవరం పక్క లంక నుంచి:
బస్ట్‌కి మా ఇంట్లో మాటుందండి: గండి. "గండి పడింది" అంటే ముక్కలు అవతల పారేసినట్టే. 1986 గోదావరి వరద చూసిన పెద్దవాళ్ళున్న ఇల్లు, ఎవరు మొదలెట్టారో తెలీదు గానీ నిలబడిపోయింది. 21 అంటే ఏటిగట్టు. అక్కణ్ణించి పిల్లలు ఇంకా ముందుకెళ్ళారు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ముక్కల లెక్క 12కి చేరితే "మొదటి హెచ్చరిక!", 14 అయితే రెండోది, 18 అయితే మూడోది.

సరదాకి పెట్టిందే అయినా లెక్క భలే కుదిరింది. చేతిలో 11 దాకా ఏ ముక్క పడ్డా భయం లేదు, ఆసు ఒకటైపోతుంది. 12 దగ్గర మొదలు: 13 రకాల ముక్కల్లో 4 ముంచుతాయి, పదీ మూడు బొమ్మలూ. 14 మీద 6 రకాలు. 18 మీద 10 రకాలు, ఆసూ రెండూ మూడూ తప్ప అన్నీ. మూడో హెచ్చరిక ఎగరేశాక కూడా "ఇంకోటి వెయ్యి" అనే బావ ఒకాయన మా ఇంట్లో ఉన్నాడు. ఆయన పిక్కల డబ్బా ఎప్పుడూ ఖాళీయే.

భీమవరం నుంచి:
చిన్న అభ్యంతరమండి. నీళ్ళు గట్టు మీంచి వస్తే పొర్లడం. గట్టు తెగితేనే గండి. 21 దాటడం పొర్లడం కదా?

లంక నుంచి:
పొర్లిన నీళ్ళు తీస్తే చేను మిగలొచ్చు. గండి పడితే ఇసక మేటే. ఈ ఆటలో 21 దాటారా, మీ పందెం అప్పుడే పోయింది. పంచేవాళ్ళు 16 దాకా తియ్యాలి, 17 దగ్గర ఆగాలి, వాళ్ళ వంతు ఆఖర్న. వాళ్ళకీ గండి పడినా మీ పిక్కలు వెనక్కి రావు. ఆటలో పంచేవాళ్ళకి మొగ్గు ఉండేది ముఖ్యంగా అందుకే. పొర్లడం సరిపోదు.

భీమవరం నుంచి:
ఆయ్, ఒప్పుకున్నాం. అయితే పక్కవాడు అనవసరంగా ముక్క తీసి మన ముక్క పట్టుకుపోతే "నా ఆటకి గండి కొట్టావు" అనొచ్చన్నమాట.

లంక నుంచి:
అంటాం, రోజూ అంటాం. నిజానికి అతను తీసింది మనకి చెడ్డదీ కావచ్చు, మంచిదీ కావచ్చు, మొత్తమ్మీద తేడా లేదు. తిట్టుకోడానికి మాత్రం బావుంటుంది.

రాజోలు నుంచి:
బయట "పేకాట" అనకండి, "ముక్కలాట" అనండి. పేపర్లో "పేకాటరాయుళ్ళు" అని చదివీ చదివీ ఆ మాటకే పోలీసు వాసన పట్టుకుంది. 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నేర్పున్న ఆటంది, మూడు ముక్కలాటని అనలేదు. ఇదేమిటో తేల్చుకునే పని మనకెందుకు, పిక్కలతోనే ఉండండి.

అమలాపురం నుంచి:
మా అత్తగారు "గండి" వినగానే పంపకం తీసుకున్నారు. "చాలు" కూడా ఖాయం. ఇన్సూరెన్స్ ఒక్కటి మిగిలింది, దానికేమంటారండి?

లంక నుంచి:
పంచేవాళ్ళకి ఆసు కనిపిస్తే వేసే పక్క పందెం కదా. కింద బోర్లించిన ముక్క పది విలువదైతే రెండింతలిస్తారు, కానీ అలాంటివి 13 రకాల్లో 4. కట్టినకొద్దీ నష్టమే. మేం తీసేశాం, మాట అవసరం పడలేదు.