బ్యాంక్‌రప్సీ ఫైల్ చేస్తే 401కె, ఐఆర్‌ఏ పోతాయా? ముందే తీసేయమంటున్నారు

అడిగినవారు: అందరికీ నమస్కారం. అమెరికాలో ఉంటాం, నాకు 51 ఏళ్ళు. పెట్టిన వ్యాపారం మూతపడింది. కార్డుల బాకీలూ ఆసుపత్రి బిల్లులూ కలిసి ఇక తీర్చలేని దాకా వచ్చాయి, లాయరు చాప్టర్ 7 (కోర్టు ద్వారా అప్పులు రద్దు చేయించుకునే దివాలా కేసు) గురించి ఆలోచించమన్నారు. పాత కంపెనీలో 401కె (కంపెనీ ద్వారా కట్టే రిటైర్‌మెంట్ ఖాతా) ఉంది, నేను విడిగా కట్టుకున్న ఐఆర్‌ఏ (సొంత రిటైర్‌మెంట్ ఖాతా) ఒకటుంది. తెలిసినాయన ఒకరు "కోర్టుకెళ్తే ఎలాగూ పోయే డబ్బే, ముందే తీసి కార్డులు కట్టేసెయ్, ఐపీ పెట్టాడన్న పేరు ఎందుకు" అంటున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. నిజంగా లాగేసుకుంటారా?

జవాబు: అన్నా, దయచేసి ఆ డబ్బు ముట్టుకోకండి. మీ స్నేహితుడు మంచికే చెప్పి ఉంటారు గానీ, ఈ పరిస్థితిలో అంతకన్నా నష్టం చేసే సలహా ఉండదు. కంపెనీ 401కె ఎరిసా అనే ఉద్యోగుల రిటైర్‌మెంట్ రక్షణ చట్టం కిందికి వస్తుంది కాబట్టి అది అసలు అప్పులవాళ్ళకి పంచే ఆస్తిలోకే రాదు, 1992లో సుప్రీంకోర్టు ప్యాటర్సన్ కేసులో తేల్చేసిన విషయమిది. అందులో ఎంత ఉన్నా సరే, పరిమితి లేదు. ఐఆర్‌ఏకి 2005 చట్టం రక్షణ ఇచ్చింది, ఏ రాష్ట్రంలో ఉన్నా వర్తిస్తుంది. దానికి మాత్రం పరిమితి ఉంది, 2025 ఏప్రిల్ 1 నుంచి వేసే కేసులకు మనిషికి 17,11,975 డాలర్లు. మనలాంటి వాళ్ళలో ఎక్కువమంది దాని దరిదాపుల్లో కూడా ఉండరు.

ఇప్పుడు తీస్తే ఏమవుతుందో లెక్క చూడండి. 40,000 డాలర్లు తీశారనుకుందాం. 59న్నర ఏళ్ళు నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ, అంటే 4,000 పోయాయి. 22 శాతం శ్లాబులో ఉంటే ఫెడరల్ ట్యాక్స్ ఇంకో 8,800. రాష్ట్రం పన్ను వేరే. చేతికొచ్చేది మహా అయితే 27,200, అది కార్డులకి పోస్తే మాయమైపోతుంది, బాకీ ఇంకా మిగిలితే మళ్ళీ కోర్టు గుమ్మమే, ఈసారి రిటైర్‌మెంట్ డబ్బు కూడా లేకుండా. పైగా ఆ ట్యాక్స్ కట్టకుండా ఫైల్ చేస్తే, కొత్త ట్యాక్స్ బాకీ కాబట్టి బ్యాంక్‌రప్సీలో రద్దు కాదు. ఎలాగూ రద్దయిపోయే కార్డు అప్పు కోసం, రద్దు కాని అప్పును కొని తెచ్చుకోవడం ఎందుకు?

ఇంకో మాట. రక్షణ ఉన్నది ఆ ఖాతాలో ఉన్నంతసేపే. తీసి మామూలు బ్యాంకు ఖాతాలో వేశాక అది చాలావరకు మామూలు డబ్బే, ట్రస్టీ (అప్పులవాళ్ళ తరఫున మీ ఆస్తి చూసేందుకు కేసులో నియమించే వ్యక్తి) చెయ్యి వేయగలరు.

అడిగినవారు: ప్రాణం లేచొచ్చిందండీ. అయితే ఈ ఖాతాలు పేపర్లలో చూపించక్కర్లేదా? ఇండియాలో పీఎఫ్ కొంత ఉంది, నాన్నగారిచ్చిన స్థలం కూడా ఉంది.

జవాబు: చూపించాలి, అన్నీ. రక్షణ వేరు, దాచడం వేరు. ఆస్తి ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా చెప్పమని చట్టం, కాబట్టి ఇండియా స్థలం, పీఎఫ్, ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్లు (ఎన్‌ఆర్‌ఐలకు ఇండియా బ్యాంకుల్లో ఉండేవి) అన్నీ షెడ్యూల్‌లో, అంటే కోర్టుకిచ్చే ఆస్తుల జాబితాలో రాయాల్సిందే. 401కెకి ఉన్న రక్షణ వాటికి దానంతటదే రాదు, అందుకే లాయరుకి మొదటి మీటింగులోనే చెప్పేయండి. దాచినట్టు బయటపడితే అప్పుల రద్దే ఆగిపోవచ్చు, క్రిమినల్ కేసు కూడా అవుతుంది. ఇప్పుడు కంగారుపడి ఆ స్థలాన్ని తమ్ముడి పేరు మీదకి మార్చడం లాంటివి అసలు వద్దు.

మరొకరు: పైన జవాబిచ్చిన అన్నగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఎవరైనా చనిపోయాక మీకొచ్చిన ఐఆర్‌ఏ ఉంటే అది వేరే సంగతి, అలాంటివి రిటైర్‌మెంట్ నిధి కిందికి రావని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగే 401కె మీద లోన్ తీసుకుని ఉంటే అది చాప్టర్ 7లో రద్దయ్యే అప్పు కాదు, మీ డబ్బు మీరే వాడుకున్నట్టు లెక్క. చాప్టర్ 13లో (కొన్నేళ్ళపాటు వాయిదాల్లో అప్పు తీర్చే దివాలా పద్ధతి) అయితే ఆ వాయిదాలు కట్టుకుంటూ పోవచ్చు.

అడిగినవారు: లోన్ ఏమీ లేదు. వారసత్వంగా వచ్చిందీ లేదు. కానీ పాత కంపెనీవాళ్ళు 401కె ఐఆర్‌ఏలోకి మార్చుకోమని, చెక్కు నా పేరునే పంపుతామని అంటున్నారు.

జవాబు: మీ పేరున చెక్కు తీసుకోకండి. అలా వస్తే 20 శాతం ట్యాక్స్ కోసం ముందే కోసేస్తారు, మొత్తం 60 రోజుల్లో తిరిగి జమ చేయాలి, కోసిన ఆ 20 శాతం కూడా మీ జేబులోంచే వేయాలి. మార్చక తప్పదంటే డైరెక్ట్ రోలోవర్ అడగండి, ఖాతా నుంచి ఖాతాకే వెళ్తుంది, 401కె నుంచి అలా వచ్చిన మొత్తం ఐఆర్‌ఏ పరిమితిలో లెక్కకు రాదు. మార్చక్కర్లేదంటే ఉన్నచోటే ఉండనివ్వండి. ముందు కంపెనీకి ఫోన్ చేసి ఆ చెక్కు ఆపించండి, తర్వాత లాయరుతో మాట్లాడి మిగతాది చూసుకోండి.