సైకిల్ దొంగతనాల మధ్య గ్యాప్ 212 రోజులు చూపిస్తోంది. తర్వాతిది ఎప్పుడో షీట్‌లో అంచనా వెయ్యడం ఎలా?

బేస్‌మెంట్_రెండు (మార్చి 16, 2025)

బెంగళూరు, కేఆర్ పురం వైపు అపార్ట్‌మెంట్. రెండు నెలలుగా బేస్‌మెంట్‌లో సైకిళ్లు పోతున్నాయి. అన్నీ ఒకే తీరు: ర్యాంప్ పక్క వరసలోవి, కేబుల్ తాళం కోసి తీసుకెళ్లడం. రాత్రిపూట అదనంగా ఒక మనిషిని మహా అయితే వారానికి మూడు రాత్రులు పెట్టగలం. ఏ మూడు రాత్రులన్నది గూగుల్ షీట్స్‌లో తేల్చుకుందామని కూర్చున్నాం.

ఏ2 నుంచి ఏ9 దాకా తేదీలు ఇవీ: 11/01/2025, 22/01/2025, 31/01/2025, 11/02/2025, 19/02/2025, 01/03/2025, 08/03/2025, 15/03/2025.

బీ3లో =ఏ3-ఏ2 అని రాసి కిందికి లాగితే ఆరు గళ్లలో #వాల్యూ! వచ్చింది. బీ8లో మాత్రం 212. ఆ గ్యాప్ వారం రోజులేనని వేళ్ల మీద లెక్కపెట్టినా తెలుస్తుంది. తప్పెక్కడ? అది సరయ్యాక సగటు తీసి ఆఖరి తేదీకి కలిపితే సరిపోతుందా?

(ఫార్ములా పేర్లు తెలుగులో రాశాను. షీట్‌లో ఇంగ్లీషులోనే కొట్టాను, అది కాదు సమస్య.)

గళ్ళనుడికట్టు

మీ షీట్ లొకేల్ (తేదీలు ఏ దేశం పద్ధతిలో చదవాలన్న సెట్టింగ్) అమెరికాది. అక్కడ నెల ముందు, తేదీ తర్వాత. 01/03 అంటే మీకు మార్చి 1, దానికి జనవరి 3. 08/03 దానికి ఆగస్టు 3. జనవరి 3 నుంచి ఆగస్టు 3కి సరిగ్గా 212 రోజులు. ఇక 22/01 అంటే 22వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోలేదు, ఉత్త అక్షరాలుగా వదిలేసింది. గడిలో ఎడమ వైపుకి అతుక్కుని ఉన్నవన్నీ అవే, చూడండి. మీ ఎనిమిదిలో నాలుగు అక్షరాలు, నాలుగు తప్పు తేదీలు. #వాల్యూ! వచ్చింది కాబట్టి బతికిపోయారు. అన్నీ 12 లోపు తేదీలైతే చడీచప్పుడు లేకుండా తప్పు జవాబే వచ్చేది.

ఫైల్, సెట్టింగ్స్, లొకేల్‌లో ఇండియా పెట్టండి. కానీ ఇప్పటికే తప్పుగా పడ్డవి దాంతో సరికావు. సీ2లో ఇది రాసి సీ9 దాకా లాగండి:

=ఇఫ్(ఈజ్‌నంబర్(ఏ2), డేట్(ఇయర్(ఏ2), డే(ఏ2), మంత్(ఏ2)), డేట్(రైట్(ఏ2,4), మిడ్(ఏ2,4,2), లెఫ్ట్(ఏ2,2)))

మొదటి డేట్‌లో డే, మంత్ తారుమారుగా ఉన్నది కావాలనే. వచ్చినవాటిని కాపీ చేసి ఏ కాలమ్‌లో వాల్యూస్ మాత్రమే పేస్ట్ చెయ్యండి, ఆ తర్వాత సీ కాలమ్ తీసేయండి. రెండోసారి నడిపితే సరైన తేదీలను మళ్లీ తిరగేస్తుంది. సరిపడిందో లేదో తెలియాలంటే ఫార్మాట్‌ని నంబర్‌కి మార్చండి: ఏ2లో 45668, ఏ9లో 45731 ఉండాలి. తేడా 63.

ఇప్పుడు గ్యాప్‌లు 11, 9, 11, 8, 10, 7, 7 వస్తాయి. =ఆవరేజ్(బీ3:బీ9) 9. =ఎస్‌టీడెవ్.ఎస్(బీ3:బీ9) 1.73. గ్యాప్‌లు సగటుకి మామూలుగా ఎంత అటూ ఇటూ పోతున్నాయో చెప్పేది ఇదే, ఎస్‌డీ అంటారు. చివర ఎస్ ఉన్నదే వాడండి. పీ ఉన్నది వాడితే 1.60 వచ్చి, లేని ధీమా ఇస్తుంది. మార్చి 15కి 9 కలిపితే మార్చి 24, సోమవారం. అటూ ఇటూ 1.73 వేస్తే సుమారు 22 నుంచి 26 దాకా. పాఠాల్లో చెప్పే పద్ధతి ఇంతవరకే.

సగటు_మనిషి

పైన చెప్పిన లెక్క ఒప్పే, కానీ ఆ 1.73ని నమ్ముకుని రాత్రులు ఎంచకండి. మూడు కారణాలు.

ఒకటి, ఏడు గ్యాప్‌లతో తీసిన సగటు కూడా ఊగుతుంది. కాబట్టి వెడల్పు =టీ.ఇన్వ్.2టీ(0.32,6)*1.73*ఎస్‌క్యూఆర్‌టీ(1+1/7). ఇది 68 శాతం నమ్మకానికి, దాదాపు 2 రోజులు. 95 శాతం కావాలంటే 0.32 బదులు 0.05 పెట్టండి, 4.5 రోజులు వస్తుంది. అంటే 19 రాత్రి నుంచి 28 దాకా! ఇందులో మూడు రాత్రులు ఏరుకోమంటే ఎవరైనా నవ్వుతారు.

రెండు, చివరి రెండు గ్యాప్‌లూ 7. వేగం పెరుగుతున్నట్టుంది. డీ3:డీ9లో 1 నుంచి 7 దాకా వేసి =ఫోర్‌కాస్ట్(8, బీ3:బీ9, డీ3:డీ9) కొట్టండి. 6.57 వస్తుంది. అంటే 21 శుక్రవారం రాత్రి కాస్త అటూ ఇటూ. =ఆర్‌ఎస్‌క్యూ(బీ3:బీ9, డీ3:డీ9) 0.57 (1కి ఎంత దగ్గరైతే ట్రెండ్ అంత బలం), మరీ తీసిపారేసేది కాదు. సగటు 24 అంటోంది, ట్రెండ్ 21 అంటోంది.

మూడోది ముఖ్యం. ఆఖరి సంఘటన లేనట్టు దాచేసి, మిగతావాటితో అంచనా వేసి, అసలు తేదీ లోపల పడిందా చూడండి. మీ డేటాతో, సగటుకి అటూ ఇటూ ఒక ఎస్‌డీ వేసి చేస్తే: మొదటి ఐదుతో ఆరోదాన్ని అడిగితే 8.25 నుంచి 11.25 రోజుల మధ్య అంది, 10 రోజులకి పోయింది, పాసు. ఆరింటితో ఏడోదాన్ని అడిగితే 8.5 కంటే ముందు రాదంది, 7కే వచ్చింది. ఏడింటితో ఎనిమిదోదాన్ని అడిగినా 7.7 కంటే ముందు కాదంది, మళ్లీ 7కే. మూడింట్లో ఒక్కటి పాసు. ఈ పరీక్ష చెయ్యకుండా ఏ ఫార్ములానీ సెక్యూరిటీ సూపర్‌వైజర్ చేతిలో పెట్టకూడదు.

అయితే ఒక మంచి సంగతి. ఎస్‌డీని సగటుతో భాగించండి: 1.73/9 అంటే 0.19. దొంగతనాలు ఏ పొంతనా లేకుండా జరుగుతుంటే ఇది 1 దగ్గర ఉంటుంది, అప్పుడు ఇక తేదీలు లెక్కపెట్టడం దండగ. 0.19 అంటే ఏదో క్రమం ఉంది. అది దొంగదా, ఇంకెవరిదా అన్నది వేరే ప్రశ్న. అది అడగాల్సింది మిమ్మల్నే: ఇవి సైకిల్ పోయిన తేదీలా, పోయిందని తెలిసిన తేదీలా? ఎనిమిదిలో నాలుగు శనివారాలు ఉన్నాయేం?

బేస్‌మెంట్_రెండు

అయ్యో, తెలిసిన తేదీలేనండీ. శనివారం పొద్దున పిల్లలు సైకిల్ కోసం కిందికి దిగితే బయటపడుతుంది. రిజిస్టర్ చూస్తే మొదటి ఐదూ ముందురోజు రాత్రి 9–11 మధ్య చూసినవే, తెల్లారేసరికి లేవు. మిగతా మూడు:

ఆరోది: ఫిబ్రవరి 26, శివరాత్రి నాడు రాత్రి 9కి ఉంది, మార్చి 1 ఉదయం 8కి లేదు.
ఏడోది: మార్చి 7 రాత్రి 10కి ఉంది, మర్నాడు ఉదయం 7కి లేదు.
ఎనిమిదోది: మార్చి 9 సాయంత్రం 6కి ఉంది, 15 ఉదయం 8కి లేదు.

రెండు_గళ్లు

అయితే ఆ రెండు ‘7’ల్లో ఒకటి ఉత్తదే. శనివారానికీ శనివారానికీ మధ్య ఏడు రోజులుంటాయి, అంతే. పెరిగింది దొంగ వేగమో కాదో ఇంకా తెలీదు, పిల్లల సెలవు మాత్రం వారానికోసారి వస్తుంది.

ఎఫ్‌ఐఆర్ ఫారంలో ఘటన సమయానికి ‘నుంచి’, ‘వరకు’ అని రెండు గళ్లు ఉంటాయి. స్టేషన్‌కి సమాచారం అందిన తేదీ విడిగా ఉంటుంది. మీ షీట్ కూడా అలాగే ఉండాలి: ఎఫ్‌లో చివరిసారి చూసిన తేదీ–సమయం, జీలో లేదని తెలిసిన తేదీ–సమయం. మధ్యబిందువు =(ఎఫ్2+జీ2)/2. తేదీ కూడా కలిపి ఉంటే అర్ధరాత్రి దాటినా గొడవ లేదు. ఉత్త సమయాలే ఉంటే తీసివేత మైనస్‌లోకి పోతుంది, అప్పుడు =మాడ్(జీ2-ఎఫ్2,1).

మధ్యబిందువులతో గ్యాప్‌లు 11, 9, 11, 8, 9, 8, 4.4 దాకా వస్తాయి. ఆరోది ఫిబ్రవరి 28 తెల్లవారుజాము 2:30కి, ఎనిమిదోది మార్చి 12 మధ్యాహ్నం 1కి పడుతుంది. సగటు 8.6, ఎస్‌డీ 2.2, తర్వాతిది 21 తెల్లవారుజాము అంటుంది. ఆగండి, దీన్ని కూడా నమ్మకండి. ఆ ఎనిమిదోదాని విండో, అంటే చివరిసారి చూసినప్పటి నుంచి లేదని తెలిసేదాకా ఉన్న సమయం, 134 గంటలు. దొంగతనం నిజానికి 9 సాయంత్రమే జరిగి ఉంటే ఇదే సగటు లెక్క మార్చి 18 అంటుంది. 15 ఉదయం జరిగి ఉంటే 24 అంటుంది. ఒక్క వరసలో సమయం తెలియనందుకు ఆరు రోజుల తేడా. ఇంకే ఫార్ములా పెట్టినా ఈ గుంట పూడదు.

పూడ్చేది సీసీటీవీ. ఫుటేజ్ మొత్తం చూడక్కర్లేదు. సైకిల్ నిలిపిన చోటు ఫ్రేములో కనిపిస్తుంటే సగానికి సగం కోస్తూ పోండి: మార్చి 12 మధ్యాహ్నం 1కి సైకిల్ ఉందా? ఉంటే రెండో సగం, లేకపోతే మొదటి సగం. దాన్ని మళ్లీ సగం. 134 గంటలంటే 8040 నిమిషాలు, 13 సార్లు చూస్తే నిమిషం దగ్గరకొస్తారు. స్టాండు కెమెరాలో పడకపోతే మాత్రం ర్యాంప్ కెమెరా పూర్తిగా తిప్పడమే గతి. మొదలుపెట్టే ముందు డీవీఆర్ (ఫుటేజ్ రికార్డు చేసే పెట్టె) గడియారాన్ని ఫోన్‌తో పోల్చి తేడా రాసుకోండి. ఇది ఈరోజే చెయ్యండి, డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది.

గంటల వారీగా కావాలంటే ఏయోరిస్టిక్ పద్ధతి ఉంది, 1990ల చివర్లో క్రిమినాలజిస్ట్ జెర్రీ రాట్‌క్లిఫ్ ప్రచారంలోకి తెచ్చింది. ప్రతి సంఘటనకి ఒక మార్కు, దాన్ని విండోలోని గంటలకి సమానంగా పంచడం. రాత్రి 10 నుంచి 7 దాకా అయితే తొమ్మిది గంటలకీ తలా 0.111. హెచ్2లో =మాడ్(ఎఫ్2,1), ఐ2లో =హెచ్2+జీ2-ఎఫ్2, జే1 నుంచి 0, 1, 2… 23. ఇక జే2లో:

=(మ్యాక్స్(0, మిన్($ఐ2,(జే$1+1)/24)-మ్యాక్స్($హెచ్2,జే$1/24)) + మ్యాక్స్(0, మిన్($ఐ2,(జే$1+1)/24+1)-మ్యాక్స్($హెచ్2,జే$1/24+1)))/($ఐ2-$హెచ్2)

కుడివైపుకి 23 దాకా లాగాక వరస మొత్తం 1 రావాలి. 24 గంటలు దాటిన విండోలకి ఇది పనిచెయ్యదు, ఆరునీ ఎనిమిదినీ ఫుటేజ్ దొరికేదాకా పక్కన పెట్టండి. మీ పట్టికలో అర్ధరాత్రి నుంచి 5 దాకా మార్కులు బాగా ఎక్కువ పడతాయి. దొంగకి ఆ వేళ ఇష్టమని కాదు, అన్ని విండోలూ ఆ గంటల మీదుగా పోతున్నాయి కాబట్టి. సూపర్‌వైజర్‌కి ముందే చెప్పండి, లేకపోతే పదకొండింటికి కుర్చీలో కునుకేస్తారు.

సగటు_మనిషి

ఫుటేజ్ తేలేదాకా ఈ వారం 20, 21, 22 రాత్రులు మంచి బేరం. సగటు, ట్రెండ్, మధ్యబిందువు మూడూ ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. తర్వాత ఉగాది 30న, 31న రంజాన్. సగం ఇళ్లు ఊళ్లకి పోతాయి, విండోలు మళ్లీ నాలుగైదు రోజులకి సాగుతాయి. రోజూ రాత్రి 10కీ పొద్దున 6కీ గార్డు చేత స్టాండు ఫోటో తీయించి గ్రూపులో పెట్టించండి, విండో ఎప్పుడూ 16 గంటలు దాటదు.

ఇంకోటి, ఈ షీట్ కాపలా ఎప్పుడో చెప్పేదే, ఎవరో చెప్పేది కాదు. ‘పనిమనిషి వచ్చే రోజులతో సరిపోలింది’ లాంటి కాలమ్‌లు చేర్చకండి. ఎనిమిది తేదీలకి ఎవరి రాకపోకలైనా సరిపోలతాయి. కంప్లయింట్ ఇంకా ఇవ్వకపోతే ఎలక్ట్రానిక్‌గానైనా పంపండి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం అలా తీసుకోవచ్చు, ఇచ్చినవాళ్లు 3 రోజుల్లోగా సంతకం పెట్టాలి.

బేస్‌మెంట్_రెండు

డీవీఆర్ తెరిచాం. 10వ తేదీ ఉదయం 6 నుంచే ఉంది, ముందుది చెరిగిపోయింది. అప్పటికి సైకిల్ స్టాండులోనే కనిపిస్తోంది. గడియారం 11 నిమిషాలు ముందుంది.

రెండు_గళ్లు

ఎఫ్9లో మార్చి 10 ఉదయం 5:49 పెట్టండి, ఆ 11 నిమిషాలు తీసేసి. విండో 134 నుంచి 122 గంటలకి దిగింది. అయినా 13 సార్లే చూడాలి.